చెరువు అడుగున వానల లెక్క

నాది ఎనిమిదో తరగతి అయిపోయిన ఎండాకాలం. మా తాత వాళ్ళ ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. మిషన్ కాకతీయ పనులు జోరుగా నడుస్తున్న రోజులవి. పొద్దున ఆరింటికే జేసీబీ చెరువులోకి దిగేది. కట్ట కింద ట్రాక్టర్లు వరసగా నిలబడేవి. రైతులు కిరాయి పెట్టుకుని మరీ ఆ మట్టిని పొలాలకి తోలుకునేవాళ్ళు. ఒక్క ఏడు చెరువు మట్టి వేస్తే రెండు మూడేళ్ళు ఎరువు ఖర్చు తగ్గుతుందని అందరికీ తెలుసు.

ఒకరోజు జేసీబీ తవ్వి వదిలేసిన గుంత దగ్గర తాత నన్ను పిలిచాడు. గుంత గోడ కత్తితో కోసినట్టు నిలువుగా తెగి ఉంది. పైన నల్లమట్టి, దాని కింద కొంచెం బూడిద రంగు, మధ్యలో వేలెడు మందాన ఇసుక చార, దాని కింద మళ్ళీ నలుపు.

"గా ఇసుక చార జూసినవా బిడ్డా? పై చెరువు కట్ట తెగినప్పుడు కొట్టుకొచ్చింది. అప్పుడు నేను నీ అంత ఉన్న. గా తెల్లగున్నదేమో కరువు నాటిది."

"నీకెట్ల తెలుసు తాతా?"

"మట్టి జూస్తే ఎర్కైతది."

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. సాయంత్రానికల్లా ఆ గోడ కూడా ట్రాక్టర్లెక్కి పోయింది. కొన్నేళ్ళు గడిచాక, మూడో సంవత్సరంలో హైడ్రాలజీ క్లాసులో కూర్చున్నప్పుడు తాత మాట గుర్తొచ్చింది. ఆయన చేసిన పనినే ప్రపంచంలో చాలామంది శాస్త్రవేత్తలు వృత్తిగా చేస్తున్నారని తర్వాత తెలిసింది. సరస్సుల అడుగు బురదని పొరలు పొరలుగా చదివి, వేల ఏళ్ళ కిందట వానలు ఎలా పడ్డాయో చెబుతారు వాళ్ళు. అదెలా సాధ్యం, దాంతో మనలాంటి ఇంజనీరింగ్ వాళ్ళకి పనేమిటి అన్నదే ఈ వ్యాసం.

వందేళ్ళ వరద, నూట యాభై ఏళ్ళ రికార్డు

ముందు మన సిలబస్ సంగతే చూద్దాం. డ్యామ్ కట్టాలన్నా, వంతెన కట్టాలన్నా 'వందేళ్ళ వరద' ఎంతో లెక్కేస్తాం. అంటే వందేళ్ళకి ఒకసారి కచ్చితంగా వచ్చే వరద అని కాదు. ఏ ఏడాదైనా సరే, దాన్ని దాటే వరద వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. దీనికోసం నలభై యాభై ఏళ్ళ డేటా తీసుకుంటాం, గంబెల్ పద్ధతిలో గీత గీస్తాం, ఆ గీతని ముందుకి పొడిగిస్తాం. పరీక్షలో పదమూడు మార్కులు వచ్చేస్తాయి.

ఇక్కడ మనం పెద్దగా పట్టించుకోని షరతు ఒకటుంది. గడిచిన యాభై ఏళ్ళ వానల తీరు ఎలా ఉందో, రాబోయే వందేళ్ళూ అలాగే ఉంటుందని మనం నమ్మాలి. ఆ నమ్మకాన్ని సరిచూడాలంటే చాలా పొడవైన రికార్డు కావాలి. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. దేశం మొత్తానికి లెక్క కట్టదగిన వర్షపాతం వివరాలు సుమారు నూట యాభై ఏళ్ళవి. చాలా మండలాల్లో వర్షమాపకాలు దానికంటే బాగా చిన్నవి.

మనుషుల జ్ఞాపకం కొంచెం వెనక్కి వెళుతుంది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమని ఊడ్చేసిన కరువుని నందన కరువు, డొక్కల కరువు అని ఇంకా చెప్పుకుంటారు. అలాంటి కరువుల తర్వాతే ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు వెనక్కి వెళితే శాసనాల్లో, కథల్లో అక్కడక్కడా ఒక ముక్క దొరుకుతుంది గానీ సెంటీమీటర్ల లెక్క దొరకదు.

మరి వెయ్యేళ్ళ కిందట, నాలుగు వేల ఏళ్ళ కిందట రుతుపవనాలు ఎలా ప్రవర్తించాయి? ఆ రోజుల్లో వర్షమాపకం లేదు. సరస్సులు మాత్రం ఉన్నాయి.

పొర మీద పొర

ఏ సరస్సైనా నెమ్మదిగా పూడిపోతూనే ఉంటుంది. వాగులు మట్టి తెస్తాయి. గాలి దుమ్ముని, పుప్పొడిని తెస్తుంది. నీళ్ళలో పెరిగిన నాచు, నత్తలు, కంటికి కనిపించని జీవులు చచ్చి అడుగుకి చేరతాయి. కొత్తది పైన, పాతది కింద. ఎవరూ కదపకపోతే ఆ వరస అలాగే ఉంటుంది.

కొన్ని సరస్సుల్లో ఒక్కో ఏడాదికి ఒక్కో జత పొరలు ఏర్పడతాయి. ఒక కాలంలో లేత రంగు పొర, ఇంకో కాలంలో ముదురు పొర. వీటిని వార్వ్‌లు అంటారు. స్వీడన్ శాస్త్రవేత్త గెరార్డ్ డి గీర్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో వీటిని చూసి, చెట్టు వలయాల్లాగా లెక్కపెట్టొచ్చని గుర్తించాడు. తన దేశం మీది మంచు పలకలు ఎప్పుడెప్పుడు వెనక్కి తగ్గాయో ఆ లెక్కతోనే తేల్చాడు.

ఈ పొరలకి పేరుపడిన చోటు జపాన్‌లోని సుయిగెట్సు సరస్సు. దాంట్లోకి నేరుగా పెద్ద నది రాదు. చుట్టూ కొండలు అడ్డుండటంతో గాలికి అలలు పెద్దగా లేవవు. అడుగున ప్రాణవాయువు లేదు కాబట్టి బురదని కెలికే పురుగులు బతకవు. అలా ఏడాదికి మిల్లీమీటరు కంటే తక్కువ మందాన పేరుకుంటూ వచ్చిన బురద అక్కడ 45 మీటర్ల మేర పొరలు చెదరకుండా ఉంది. అది సుమారు 70 వేల ఏళ్ళ రికార్డు.

ఇప్పుడు మా తాత చెరువు దగ్గరికి వద్దాం. అది ప్రతి ఎండాకాలం ఎండుతుంది, నెర్రెలు బారుతుంది. తొలకరికి పైమట్టి ఆ నెర్రెల్లో పడి కిందికి పోతుంది. బర్రెలు తొక్కుతాయి. శిఖం భూమిలో దున్ని పుచ్చకాయలు వేస్తారు. అంటే అక్కడ పొరలు కొంత కలిసిపోయి ఉంటాయి. ఇసుక చార విషయంలో తాత మాట నిజమే కావచ్చు, ఎందుకంటే ఒక్కసారిగా పడిన మందపాటి ఇసుక అంత తేలిగ్గా కలిసిపోదు. ఆ తెల్లమట్టి కరువుదేనా అంటే, కేవలం రంగు చూసి చెప్పలేం. అందుకే శాస్త్రవేత్తలు లోతైన, ఎండని, ఎవరూ కెలకని సరస్సుల కోసం వెతుకుతారు. రంగుతో సరిపెట్టుకోకుండా ఇంకా చాలా పరీక్షలు చేస్తారు.

బురదని చెదరకుండా పైకి తీయడం

ఇది అచ్చంగా ఇంజనీరింగ్ సమస్య. సరస్సు మీద తెప్పలాంటి వేదిక కట్టి, అక్కడి నుంచి పొడవాటి గొట్టాన్ని అడుగు బురదలోకి దింపుతారు. మామూలు గొట్టం దింపితే లోపలి బురద నొక్కుకుపోతుంది, పైకి తీసేటప్పుడు జారిపోతుంది. అందుకని గొట్టం లోపల ఒక పిస్టన్ పెడతారు. ఇంజెక్షన్ సిరంజిలో ఉంటుంది చూడండి, అలాంటిదే. గొట్టం కిందికి పోతుంటే పిస్టన్ బురద పైభాగం దగ్గరే ఉండి, దాన్ని జారనివ్వకుండా పట్టుకుంటుంది. అలా బయటికి వచ్చిన బురద స్తంభాన్ని కోర్ అంటారు.

గొట్టాన్ని ఒక్కసారికి ఒకటి రెండు మీటర్లే దింపగలరు. కాబట్టి లోతుకి వెళ్ళేకొద్దీ ముక్కలు ముక్కలుగా తీయాలి. ముక్కకీ ముక్కకీ మధ్య కొన్ని సెంటీమీటర్లు పోతాయి. చిన్న నష్టమే అనిపిస్తుంది గానీ అక్కడ యాభై ఏళ్ళు ఎగిరిపోయి ఉండొచ్చు. సుయిగెట్సులో 1993లో తీసిన కోర్‌కి ఈ ఇబ్బందే వచ్చింది. 2006లో మళ్ళీ వెళ్ళి పక్కపక్కన నాలుగు చోట్ల తవ్వారు. ఒకదాంట్లో ఖాళీ వచ్చిన లోతులో ఇంకోదాంట్లో బురద ఉండేలా చూసుకుని, నాలుగింటినీ కలిపి ఖాళీ లేని ఒక్క రికార్డు తయారుచేశారు.

తర్వాత కోర్‌ని నిలువుగా రెండుగా చీలుస్తారు. ఒక సగం పరీక్షలకి. రెండో సగం చల్లటి గదిలో దాచిపెడతారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకా మంచి యంత్రం వస్తే అప్పటివాళ్ళకి ఉండాలి కదా.

ఏ పొర ఏ ఏడాదిది?

అన్ని సరస్సుల్లోనూ ఏడాదికో పొర ఉండదు. అప్పుడు వయసు ఎలా కట్టాలి? రేడియోధార్మికత సాయం తీసుకుంటారు.

గడిచిన వంద, నూట యాభై ఏళ్ళకి లెడ్-210 వాడతారు. నేలలోని యురేనియం నుంచి రాడాన్ వాయువు పుడుతుంది. అది గాలిలో కలిసి చివరికి లెడ్-210గా మారి, వానతో పాటు సరస్సులో పడుతుంది. దీని అర్ధాయువు సుమారు 22 ఏళ్ళు. ఒక ఉదాహరణ వేసుకుందాం. బురద పైపొరలో దీని మోత 100 యూనిట్లు అనుకోండి. మట్టిలో సహజంగానే ఉండే భాగాన్ని ముందే తీసేశాం. 10 సెంటీమీటర్ల లోతులో 50 ఉంటే ఆ పొర వయసు 22 ఏళ్ళు. 20 సెంటీమీటర్ల దగ్గర 25 ఉంటే 44 ఏళ్ళు. అంటే ఏడాదికి నాలుగున్నర మిల్లీమీటర్ల చొప్పున పూడుతోందన్నమాట. ఏడెనిమిది అర్ధాయువులు గడిచాక కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే ఇది నూట యాభై ఏళ్ళు దాటి పనిచేయదు.

ఈ లెక్క తప్పలేదని సరిచూడటానికి సీజియం-137 ఉంది. ఇది ప్రకృతిలో ఉండేది కాదు, అణుబాంబు పరీక్షలతో గాలిలోకి వచ్చింది. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ బయటి గాలిలో పరీక్షలు ఆపుతామని ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికే పోగైన ధూళి ఆ చుట్టుపక్కల ఏళ్ళలో గరిష్ఠంగా రాలింది. కాబట్టి బురదలో సీజియం ఎక్కడ శిఖరంలా లేస్తే అది 1963 పొర. లెడ్ లెక్క కూడా ఆ పొర దగ్గర 1963 అనే చెబితే నమ్మకం కుదురుతుంది.

ఇంకా వెనక్కి, సుమారు 50 వేల ఏళ్ళ దాకా, కార్బన్-14. అర్ధాయువు 5,730 ఏళ్ళు. ఈ పద్ధతి కనిపెట్టినందుకు విల్లార్డ్ లిబ్బీకి 1960లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. దీంట్లో రెండు చిక్కులున్నాయి. ఒకటి, సున్నపురాయి ఉన్న చోట పాత కార్బన్ నీళ్ళలో కరిగి నత్తగుల్లల్లో చేరుతుంది. నిన్న చచ్చిన నత్త కూడా వందల ఏళ్ళ ముసలిదిలా కనిపిస్తుంది. అందుకే ఒడ్డు నుంచి రాలిపడిన ఆకో, గింజో దొరికితే దానికే ప్రాధాన్యం. రెండు, గాలిలో కార్బన్-14 ఎప్పుడూ ఒకేలా లేదు, కాబట్టి ఆ గడియారాన్నే ముందు సరిచేయాలి. సుయిగెట్సు విలువంతా ఇక్కడే ఉంది. పొరలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. అదే పొరలో దొరికిన ఆకులో కార్బన్-14 ఎంతుందో కొలవచ్చు. రెండూ పక్కపక్కన పెడితే గడియారం ఎంత తప్పుతోందో తేలిపోతుంది. అలాంటి ఆకులు వందల కొద్దీ కొలిచి 2012లో ఫలితాలు వెలువరించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ పాత ఎముకకి తేదీ కట్టినా, వెనక ఆ సరస్సు బురద కూడా ఉన్నట్టే.

వాన పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

వయసు తెలిసింది సరే. వాన సంగతి? వానని నేరుగా కొలవలేం. వానకి స్పందించే వాటిని వెతకాలి. ముఖ్యమైన మూడింటి గురించి చెబుతాను.

మొదటిది పుప్పొడి. పుప్పొడి రేణువు పైపెంకు ఎంత గట్టిదంటే, ఇసుకని సైతం కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేసినా చెక్కుచెదరదు. ప్రయోగశాలలో మట్టిని కరిగించేసి, మిగిలిన రేణువుల్ని సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటీ లెక్కపెడతారు. ఏ చెట్టు పుప్పొడి ఆకారం దానిదే. అడవి చెట్లవి తగ్గి గడ్డి జాతులవి పెరిగితే అడవి పలచబడిందని అర్థం. 1916లో లెన్నార్ట్ వాన్ పోస్ట్ అనే స్వీడన్ ఆయన ఈ లెక్కకి దారి వేశాడు. అయితే అడవి పలచబడింది వానల్లేకా, మనిషి గొడ్డలి వల్లా? పుప్పొడి ఒక్కటే చూసి చెప్పడం కష్టం.

రెండోది డయాటమ్‌లు. ఇవి గాజు పెంకుతో బతికే ఏకకణ నాచు. ఉప్పునీటి డయాటమ్ మంచినీటిలో పెరగదు, ఆమ్లనీటిని ఇష్టపడేది సున్నపు నీటిలో ఉండదు. నీళ్ళు మారితే ఊళ్ళో జనం మారినట్టు, డయాటమ్ జాతులు మారిపోతాయి. పెంకులు మాత్రం బురదలో మిగిలిపోతాయి.

మూడోది ఆక్సిజన్ ఐసోటోప్‌లు. నీళ్ళలో ఎక్కువ భాగం ఆక్సిజన్-16, కొద్దిగా ఆక్సిజన్-18. తేలికైనది ముందు ఆవిరవుతుంది. బయటికి కాలువ లేని సరస్సులో వానలు తగ్గి ఎండలు ముదిరితే, మిగిలిన నీళ్ళలో బరువు ఆక్సిజన్ వాటా పెరుగుతుంది. పప్పుచారు మరిగేకొద్దీ ఉప్పు ఎక్కువైనట్టు అనుకోండి. ఆ నీళ్ళలో పెరిగిన నత్త తన గుల్లని ఆ ఆక్సిజన్‌తోనే కట్టుకుంటుంది. నాలుగు వేల ఏళ్ళ తర్వాత ఆ గుల్లని కొలిస్తే అప్పటి నీళ్ళు ఎంత ఎండిపోయాయో తెలుస్తుంది.

ఒక్క సరస్సు మాట చాలదు

ఇవన్నీ కలిపి మన దేశంలో ఏం కనుక్కున్నారు? అసలు వాదన ఇక్కడే మొదలవుతుంది.

సింధు నాగరికత నగరాలు సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. వానలు తగ్గడం వల్లనా? 1970ల మొదట్లో గుర్‌దీప్ సింగ్ రాజస్థాన్‌లోని సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్ సరస్సుల పుప్పొడిని చదివి, ఆ నాగరికత వెలిగిన కాలంలో వానలు బాగున్నాయని, తర్వాత ఎండిపోయిందని చెప్పాడు. చక్కగా అతికే కథ. కానీ 1999లో యెహుదా ఎంజెల్ బృందం లూణ్‌కరణ్‌సర్ కోర్‌ని ఇంకా జాగ్రత్తగా తేదీలు కట్టి చూస్తే, ఆ సరస్సు సింధు నగరాలు పెద్దవి కాకముందే, వందల ఏళ్ళ ముందే ఎండిపోయినట్టు తేలింది. అంటే ఆ నగరాలు పెరిగిందే పొడి కాలంలో! కథ తలకిందులైంది.

2014లో యమ దీక్షిత్, డేవిడ్ హాడెల్, కామెరాన్ పెట్రీ హర్యానాలోని కోట్లా డహర్ అనే పాత సరస్సు అడుగు నత్తగుల్లల్ని కొలిచారు. సుమారు 4,100 ఏళ్ళ కిందటి పొర దగ్గర ఆక్సిజన్-18 ఉన్నట్టుండి వెయ్యికి నాలుగు పాళ్ళ మేర పెరిగింది. రుతుపవనాలు ఒక్కసారిగా బలహీనపడ్డాయని దానికి వాళ్ళు చెప్పిన అర్థం. ఇది నగరాలు ఖాళీ అయిన కాలానికి దగ్గరగా ఉంది.

మరి లూణ్‌కరణ్‌సర్ అబద్ధమా? కాదు. అది ఎడారి అంచున ఉంది, కోట్లా డహర్ తూర్పున వానలు కాస్త ఎక్కువ పడే చోట ఉంది. ఒకే రుతుపవనం రెండు చోట్లా ఒకేలా ఉండనక్కర్లేదు. హైదరాబాద్‌లో వాన దంచుతుంటే మహబూబ్‌నగర్‌లో ఎండ కాయడం మనం చూడనిదా? ఏ ఒక్క సరస్సు మాటా దేశం మొత్తానికి తీర్పు కాదు. పైగా వానలు తగ్గాయని తేలినంత మాత్రాన నగరాలు అందుకే ఖాళీ అయ్యాయని తేలినట్టు కాదు. మనుషులు పంటలు మార్చుకుంటారు, ఊళ్ళు మారతారు.

ఇప్పుడు మనకి దగ్గరి సరస్సు. ఆదిలాబాద్‌కి పడమరగా, రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో లోణార్ ఉంది. ఉల్క పడి నల్లరాతిలో ఏర్పడిన గుంట, 1.8 కిలోమీటర్ల వెడల్పు. 2020 జూన్‌లో నీళ్ళు గులాబీ రంగుకి మారాయని వార్తల్లో వచ్చింది, ఆ సరస్సే. నీళ్ళు లోపలికి రావడమే గానీ బయటికి పోయే దారి లేదు. కాబట్టి వాన ఎక్కువైనా తక్కువైనా దాని నీళ్ళు వెంటనే పట్టిస్తాయి. అక్కడ తీసిన సుమారు 10 మీటర్ల కోర్ 11 వేల ఏళ్ళకి పైగా వెనక్కి వెళుతుంది. సరస్సు బాగా ఇంకిపోయినప్పుడు మాత్రమే పుట్టే గేలుసైట్ అనే సోడా స్ఫటికాలు దాంట్లో కొన్ని లోతుల్లో దొరికాయి. సుష్మా ప్రసాద్ బృందం 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అక్కడ రెండు దీర్ఘమైన కరువు కాలాలు కనిపిస్తున్నాయి. ఒకటి 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందట. రెండోది 2,000 నుంచి 600 ఏళ్ళ కిందట.

ఆ అంకెల్ని మళ్ళీ చదవండి. కరువు అంటే మనకి రెండేళ్ళు, మహా అయితే నాలుగేళ్ళు. అక్కడ రాసి ఉన్నది వందల ఏళ్ళు. ప్రతి ఏడూ వాన పడలేదని కాదు. సగటున పొడిగా, సరస్సు మాటిమాటికీ ఇంకిపోయేలా ఉన్న కాలమని. మన గంబెల్ గీతకి పనికొచ్చే నూట యాభై ఏళ్ళలో అలాంటిదేదీ లేదు. లేదు కాబట్టి రాదు అనుకుంటున్నాం.

ఇంకో సంగతి కూడా గమనించాను. రామప్ప, పాకాల, లక్నవరం లాంటి కాకతీయుల పెద్ద చెరువులు పదమూడో శతాబ్దం నాటివి. అది లోణార్‌లో కనిపించిన రెండో పొడి కాలంలోకే వస్తుంది. చెరువులు కట్టింది అందుకే అని నేను అనను. లోణార్‌లో పడని వాన వరంగల్‌లో పడి ఉండొచ్చు. రాజ్యాలు చెరువులు కట్టడానికి ఇంకా చాలా కారణాలుంటాయి. ఆ ప్రశ్నకి జవాబు కావాలంటే వరంగల్ వైపు బురదనే చదవాలి.

బురద మాట ఎవరైనా విన్నారా?

విన్నారు. 1980ల్లో బ్రిటన్‌లో ఒక గొడవ నడిచింది. స్కాట్లండ్ కొండల్లో సరస్సులు ఆమ్లంగా మారి చేపలు పోతున్నాయి. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగ వల్లే ఆమ్లవర్షం పడుతోందని కొందరన్నారు. కాదు, కొండల మీద కొత్తగా నాటిన సూదాకు చెట్ల వల్లనో, నేల సహజ గుణం వల్లనో అని ఇంకొందరు. వందేళ్ళ కిందట ఆ నీళ్ళ పీహెచ్ ఎవరూ కొలవలేదు కదా, తేల్చేదెలా?

రోజర్ ఫ్లవర్, రిక్ బాటర్బీ రౌండ్ లాక్ ఆఫ్ గ్లెన్‌హెడ్ అనే చిన్న సరస్సు కోర్ తీశారు. దాని చుట్టూ ఎవరూ చెట్లు నాటలేదు. డయాటమ్‌లు లెక్కపెడితే, పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి ఆమ్లనీటి జాతులు పెరుగుతూ వచ్చాయి. పీహెచ్ సుమారు 5.5 నుంచి 4.7కి పడిపోయింది. పైపొరల్లో బొగ్గు పొగ మసి రేణువులు కూడా దొరికాయి. చెట్లు నాటని చోట, పరిశ్రమలు పెరిగిన కాలంలోనే ఇదంతా జరిగిందంటే నింద చెట్ల మీదికి పోదు. 1983లో బొగ్గు, విద్యుత్ సంస్థలే 50 లక్షల పౌండ్లిచ్చి బ్రిటన్, నార్వే, స్వీడన్ శాస్త్ర సంస్థల చేత పెద్ద అధ్యయనం మొదలుపెట్టించాయి. ఆ దశాబ్దంలోనే విద్యుత్ కేంద్రాల పొగలోంచి గంధకం తీసేసే యంత్రాలు పెట్టాలన్న నిర్ణయం జరిగింది. దానికి కారణం ఒక్క బురదే కాదు. కానీ మాటకి మాట నడుస్తున్న చోట, ఎవరి పక్షమూ కాని సాక్ష్యం అదే.

మన చెరువుల సంగతి

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు ఉంది. ఒకప్పుడు సముద్రానికి ఆనుకుని ఉన్న ఉప్పునీటి కయ్య, డెల్టాలు ముందుకి పెరిగేకొద్దీ లోపల మిగిలిపోయి మంచినీటి సరస్సైంది అంటారు భూశాస్త్రవేత్తలు. ఆ మార్పంతా దాని అడుగు బురదలోనే ఉండాలి. కానీ చేపల చెరువుల కోసం దాని అడుగుని ఎన్నిచోట్ల గీకి గట్లు పోశారో మనకి తెలుసు. 2006లో ఆ గట్లు కొట్టేసినా, కెలికిన పొరలు మళ్ళీ వరసలోకి రావు.

తెలంగాణలో మిషన్ కాకతీయ లక్ష్యం 46 వేలకి పైగా చెరువులు. పూడిక తీయడం తప్పని నేననడం లేదు. తీయకపోతే చెరువే ఉండదు. మా తాత చేలో ఆ మట్టి పడ్డాక మక్కజొన్న ఎలా వచ్చిందో నేనే చూశాను. మట్టి పొలానికి పోవాలి, నీళ్ళు చెరువులో నిలవాలి. ట్రాక్టర్ల కొద్దీ తోలే ముందు ఒక్క గొట్టం మట్టి పక్కన పెట్టుకుంటే చాలదా అన్నదే నా ప్రశ్న.

దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఎండిన చెరువు అయితే ఎప్పుడూ దున్నని లోతు చోటు, తూముకి దూరంగా, చూసుకుని గుంత గోడని శుభ్రంగా చెక్కాలి. నాలుగు అంగుళాల పీవీసీ పైపుని నిలువుగా చీల్చి, ఆ సగాన్ని గోడకి దిగ్గొట్టి, మట్టితో సహా ఊడదీయాలి. పైన ఏది, కింద ఏది గుర్తు పెట్టాలి. ఊరు, తేదీ, లోతు రాయాలి. ప్లాస్టిక్ కవరు చుట్టి చల్లటి చోట దాచాలి. చెరువు పొరలు కొంత కలిసి ఉంటాయని ముందే చెప్పాను. అయినా ఇసుక చారలు, పుప్పొడి, మసి రేణువులు దొరుకుతాయి. అసలేమీ లేకపోవడం కంటే నయం. ప్రతి సివిల్ డిపార్ట్‌మెంటూ ఏడాదికి పది చెరువులు చేసినా, ఎప్పుడో ఎవరో చదవడానికి మట్టి మిగులుతుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇదంతా తాతకి చెప్పాను. మా చెరువు నిండుగా ఉంది, మత్తడి దూకుతోంది. ఆయన అంతా విన్నాడు.

"గొట్టంల మట్టి దాసి ఏం జేస్తవురా?"

"చదువుతాం తాతా. నువ్వు చెప్పిన కరువు నిజమో కాదో చూస్తాం."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, పై చెరువులో ఇంకా పూడిక తీయలేదని, ఈ ఎండాకాలం తీస్తారని అనుకుంటున్నారని చెప్పాడు.

"జేసీబీ రాకముందే పోవాలె మరి," అన్నాడు.

పైపు కొన్నాను. ఏప్రిల్‌లో వచ్చేవాళ్ళుంటే చెప్పండి.